గుండె కూడా అమానతే



కోస్తా జిల్లాల నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల నా ముందు ఉంది. ఆమె అత్తగారి వయసు 56 సంవత్సరాలు. చాలా ఏళ్లుగా రక్తపోటు ఉంది. గత సంవత్సరం ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. అది కేన్సర్ అని, అందులోనూ ‘హెర్2 పాజిటివ్’ అనే రకానికి చెందినదని పరీక్షల్లో తేలింది. శస్త్రచికిత్స జరిగింది. తరువాత రోగులు ‘ఎర్ర మందు’ అని పిలుచుకునే కీమో నాలుగు విడతలు ఇచ్చారు. అది ముగిశాక మూడు వారాలకు ఒకసారి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టి, ఏడాది పాటు తీసుకోవాలని చెప్పారు. మధ్యలో రేడియేషన్ కూడా పూర్తయింది. ఇంజెక్షన్ మొదలైన మూడవ నెలలో గుండెకు ఎకో పరీక్ష తీయవలసి ఉండగా, పరీక్ష చేసే వ్యక్తి పురుషుడని తెలిసి ఆమె తీయించుకోకుండానే ఇంటికి తిరిగి వచ్చారు. ఆరవ నెలలో ఎట్టకేలకు తీసినప్పుడు గుండె పంపింగ్ 58 నుండి 45కు తగ్గినట్లు కనిపించింది. వైద్యులు ఇంజెక్షన్‌ను నిలిపివేసి, గుండె వైద్యుని వద్దకు పంపారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, సజ్దాలో ఊపిరి అందడం లేదని, నెల రోజులుగా ఈ బాధ ఉన్నా ఎవరికీ చెప్పలేదని ఆమె అప్పుడు బయటపెట్టారు.

ఉత్తరంలోని ప్రశ్నలు మూడు. మొదటిది: ‘కేన్సర్ మందే గుండెను పాడుచేసింది, ఇక ఆ చికిత్స వద్దు, హకీం గారి మందు వాడదాం’ అని బంధువులు అంటున్నారు, ‘తఖ్దీర్‌లో రాసి ఉన్నదే జరుగుతుంది’ అని అత్తగారు కూడా మొగ్గుతున్నారు, ఏమి చేయాలి? రెండవది: బాధను పైకి చెప్పకుండా ఓర్చుకోవడం సబ్ర్ కాదా? పరపురుషుని ఎదుట ఛాతీ పరీక్ష చేయించుకోవచ్చా? మూడవది: రమజాన్ సమీపిస్తోంది; ఒక్క ఉపవాసం కూడా వదలనని అత్తగారు పట్టుబడుతున్నారు; షరీఅత్ ఏమంటుంది?

వైద్యం చెప్పవలసినది వైద్యులే. ఆమె శరీర పరిస్థితిపై నిర్ణయం వారిదే. అయితే ఈ ఇంట్లో చికిత్సకు అడ్డుపడుతున్నవి మందుల గురించిన భయాలు మాత్రమే కావు. ధర్మం పేరుతో ఏర్పడిన అపోహలు కూడా అందులో ఉన్నాయి. కనుక వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయాలనూ ధర్మాదేశాలనూ పక్కపక్కనే ఉంచి చూద్దాం.

దైవప్రవక్త (స) పంపినది వైద్యుని వద్దకే

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) ఒకసారి జబ్బుపడ్డారు. దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్లి, ఆయన ఛాతీపై తమ శుభహస్తాన్ని ఉంచారు. ఆ చేతి చల్లదనం తన గుండెకు తాకిందని సఅద్ (రజి) అంటారు. ‘నీది గుండె జబ్బు’ అని గుర్తించిన ప్రవక్త (స), సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా వైద్యం తెలిసినవాడని, అతని వద్దకు వెళ్లమని ఆదేశించారు. మదీనా అజ్వా ఖర్జూరాలు ఏడింటిని గింజలతో సహా దంచి ఇవ్వడం గురించి కూడా అందులో ప్రస్తావన ఉంది. ఈ ఉల్లేఖనం సునన్ అబూ దావూద్‌లో ఉంది.

అల్లాహ్ సందేశహరుడు స్వయంగా పక్కన కూర్చుని ఉన్నారు. ఆయన దుఆ కన్నా గొప్ప దుఆ ఎవరిది? అయినా ఆయన రోగిని వైద్యుని వద్దకే పంపారు. ఖర్జూరం గురించి చెప్పారు, వైద్యుని పేరు కూడా చెప్పారు. ఒకటి చెప్పి రెండవది వదలలేదు. హారిస్ ఇస్లాం స్వీకరించినట్లు నిర్ధారణ లేదని, కనుక నైపుణ్యం గల ముస్లిమేతర వైద్యుని సలహా తీసుకోవడం ధర్మసమ్మతమని పండితులు ఈ ఉల్లేఖనం నుండే గ్రహించారు. ధర్మబద్ధమైన ఆహారమూ దుఆయే చాలు, ఆసుపత్రి అవసరం లేదు అనేవారు ఈ ఒక్క ఉల్లేఖనాన్ని శ్రద్ధగా చదివితే చాలు.

ఇక తఖ్దీర్ విషయం. షాం దేశంలో మహమ్మారి వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటు నుండి తమ బృందంతో వెనక్కి మరలారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ ఒక నిర్ణయం నుండి అల్లాహ్ మరొక నిర్ణయం వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. జబ్బు తఖ్దీర్ అయితే మందు కూడా తఖ్దీరే. ఎకో పరీక్ష కూడా తఖ్దీరే. జబ్బును మాత్రమే అల్లాహ్‌కు ఆపాదించి, చికిత్సను మనుషుల పనిగా పక్కన పెట్టడం తవక్కుల్ కాదు.

మందు గుండెను ఎందుకు తాకుతుంది?

ముందుగా ఆ 45 అనే అంకె గురించి. ‘గుండె సగం కూడా పనిచేయడం లేదు’ అని ఇంటిల్లిపాదీ కుంగిపోయారని సోదరి రాశారు. అది నూటికి వచ్చిన మార్కుల వంటిది కాదు. ఆరోగ్యవంతుల గుండె కూడా ప్రతి కొట్టుకు తన గదిలోని రక్తాన్ని పూర్తిగా బయటకు పంపదు. సుమారు 55 నుండి 70 శాతం మాత్రమే పంపుతుంది. కనుక 58 సరైన స్థితి. 45 అంటే తగ్గుదల; శ్రద్ధ అవసరమైన తగ్గుదల. కాని అది నిరాశకు కారణం కాదు.

ఎర్ర మందు అసలు పేరు డాక్సోరూబిసిన్. ఎన్నో దశాబ్దాలుగా రొమ్ము కేన్సర్ చికిత్సలో ప్రాణాలు నిలబెడుతున్న మందు ఇది. దీనిలోని ప్రమాదం మోతాదుల కూడికలో ఉంది. ఒక్కొక్క విడత గుండె కండరంపై కొంత భారం మోపుతుంది. ఆ భారం చెరిగిపోక పోగవుతుంది. అందుకే వైద్యులు ఎత్తు, బరువు చూసి శరీర వైశాల్యాన్ని లెక్కగట్టి, జీవితకాలంలో ఇవ్వదగిన మొత్తాన్ని గుర్తుంచుకుంటారు. రొమ్ము కేన్సర్‌లో సాధారణంగా చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు విడతలు, అంటే మొత్తం 240 మిల్లీగ్రాములు ఇస్తారు. ఆ మొత్తం 450 నుండి 550 వరకు చేరితే గుండె వైఫల్యం ముప్పు బాగా పెరుగుతుంది. నాలుగు విడతలు ఆ హద్దుకు చాలా దిగువనే ఉన్నాయి. అయితే రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, పెద్ద వయసు, అంతకుముందే ఉన్న గుండె జబ్బు తోడైతే తక్కువ మోతాదులోనూ జాగ్రత్త అవసరం.

ట్రాస్టుజుమాబ్ పనితీరు వేరు. హెర్2 అనేది కణం మీద ఉండే ఒక గ్రాహకం. కొందరి రొమ్ము కేన్సర్ కణాలపై అది మితిమీరి ఉండి, కణాలను వేగంగా పెంచుతుంది. ఈ మందు ఆ గ్రాహకాన్ని మూసివేస్తుంది. కాని గుండె కండర కణాలు కూడా భారం పడినప్పుడు తమను తాము సరిచేసుకోవడానికి అదే గ్రాహకంపై ఆధారపడతాయి. ఎర్ర మందు భారాన్ని అప్పుడే మోసి ఉన్న గుండెకు ఆ ఆసరా కూడా తాత్కాలికంగా తగ్గితే పంపింగ్ మందగిస్తుంది. మేలైన సంగతి ఏమిటంటే, ఈ మందు వల్ల వచ్చిన తగ్గుదల చాలామందిలో తిరిగి కోలుకుంటుంది.

1998లో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది. 2001లో ప్రచురితమైన ప్రధాన పరిశోధనలో ఎర్ర మందు వర్గంతో కలిపి ఒకేసారి ఇచ్చినప్పుడు నూటికి 27 మందిలో గుండె పనితీరు దెబ్బతిన్నట్లు తేలింది. వైద్యులు దాని నుండి పాఠం నేర్చుకున్నారు. రెండింటినీ కలపకుండా ఒకదాని తరువాత ఒకటి ఇవ్వడం, మధ్య మధ్య గుండెను పరీక్షించడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో జరిగిన తరువాతి పెద్ద పరిశోధనలలో తీవ్రమైన గుండె వైఫల్యం నూటికి సుమారు నలుగురికి మించలేదు. మూడు నెలలకొకసారి ఎకో తీయాలనడం వెనుక ఉన్న కారణం ఇదే. ఆసుపత్రి బిల్లు పెంచడానికి చెప్పే మాట కాదు.

రేడియేషన్ విషయానికి వస్తే, ఎడమ రొమ్ముకు ఇచ్చేటప్పుడు గుండె దగ్గరగా ఉంటుంది. దీర్ఘంగా ఊపిరి పీల్చి కొద్ది క్షణాలు బిగబట్టించి కిరణాలు ఇచ్చే పద్ధతి ఇప్పుడు అనేక ఆసుపత్రులలో ఉంది. ఊపిరితిత్తులు నిండినప్పుడు గుండె ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది. ఎడమ వైపు చికిత్స మొదలు కావలసిన సోదరీమణులు ఈ సౌకర్యం గురించి ముందే అడగడం మంచిది.

నిలిపివేయడం వేరు, మానేయడం వేరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం. వైద్యులు ఇంజెక్షన్‌ను నిలిపివేశారంటే చికిత్స విఫలమైందని కాదు, ఆ మందు విషమని కూడా కాదు. బావిలో నీరు తగ్గినప్పుడు ఊట ఊరేవరకు మోటారు ఆపుతాం, బావిని పూడ్చివేయము. గుండె వైద్యులు ఎనలాప్రిల్, రామిప్రిల్ వర్గపు మందులను, కార్వెడిలాల్ వంటి బీటా బ్లాకర్లను ఇస్తారు. కొన్ని వారాల తరువాత మళ్లీ ఎకో తీస్తారు. పంపింగ్ కోలుకుంటే ఇద్దరు వైద్యులూ సంప్రదించుకొని, చాలా సందర్భాలలో ఇంజెక్షన్‌ను తిరిగి ప్రారంభిస్తారు. ఈ సమన్వయం కోసమే యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2022లో ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. మీరు చేయవలసినది ఒకటే: కేన్సర్ వైద్యుని కాగితాలు గుండె వైద్యునికి, గుండె వైద్యుని కాగితాలు కేన్సర్ వైద్యునికి చేరేలా ఒకే ఫైలులో ఉంచి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లండి.

మరొక హెచ్చరిక. గుండె కోసం ఇచ్చే ఈ మందులు రక్తపోటు మందులు కూడా. ‘బీపీ ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని వాటిని ఆపివేసే ఇళ్లు ఉన్నాయి. ఇక్కడ అవి గుండెకు అండగా ఇచ్చినవి. వైద్యుడు చెప్పనిదే ఆపరాదు.

హకీం గారి మందు గురించి: తేనె, కలోంజి, ఖర్జూరం, బార్లీ జావతో చేసే తల్బీనా హదీసులలో ప్రస్తావన ఉన్న ఆహారాలు. రోగి మనసుకు తల్బీనా ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. మితంగా, మధుమేహం ఉంటే చక్కెర లెక్క చూసుకుని, ఆహారంగా తీసుకోవచ్చు. కాని ఏమి కలిపారో తెలియని పొడులు, కషాయాలు వేరు. ఉదాహరణకు అతిమధురం ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తపోటు పెరిగి, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. బలహీనమైన గుండెకు ఈ రెండూ హానికరమే. ఏది వాడినా వైద్యునికి చెప్పి వాడాలి. హకీం గారి పట్ల గౌరవం వేరు, తెలియని పొడిని గుండె మీద ప్రయోగించడం వేరు.

దాచడం సబ్ర్ కాదు

మన ఇళ్లలోని పెద్ద వయసు స్త్రీలలో ఒక గొప్ప గుణం ఉంది. అదే కొన్నిసార్లు వారి ప్రాణాలకు ముప్పు తెస్తోంది. ఇంట్లో అందరి నొప్పీ వారికి తెలుస్తుంది. వారి నొప్పి ఎవరికీ తెలియదు. దాన్ని సబ్ర్ అనుకుంటారు.

హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తన బాధను తన ప్రభువుకు మొరపెట్టుకున్నారని సూరా అంబియా 83వ వచనం తెలుపుతుంది. అదే అయ్యూబ్‌ను సహనశీలిగా అల్లాహ్ సూరా సాద్ 44వ వచనంలో ప్రశంసించాడు. మొర పెట్టుకోవడం సహనానికి విరుద్ధమైతే ఈ ప్రశంస ఉండేది కాదు. దైవప్రవక్త (స) కూడా తమకు తలనొప్పి వచ్చినప్పుడు ఆ మాట పైకి అన్నట్లు సహీహ్ బుఖారీలో ఉంది. రోగి తన నొప్పిని చెప్పుకోవడం తప్పు కాదని తెలపడానికి ఇమాం బుఖారీ (రహ్మలై) దానికి ప్రత్యేక అధ్యాయమే పెట్టారు. అల్లాహ్ నిర్ణయంపై అసంతృప్తితో ఫిర్యాదు చేయడమే నిషిద్ధం. వైద్యునికి, ఇంటివారికి ఉన్నది ఉన్నట్లు చెప్పడం ఫిర్యాదు కాదు. అది సాక్ష్యం చెప్పడం వంటిది. సాక్ష్యం దాచితే తీర్పు తప్పుతుంది. లక్షణం దాచితే వైద్యం తప్పుతుంది.

చికిత్స జరుగుతున్న కాలంలో ఈ సూచనలు కనిపిస్తే ఆ రోజే వైద్యునికి తెలపాలి: మునుపు లేని ఆయాసం, మెట్ల మీద లేదా కొద్ది దూరం నడకలోనే అలుపు; వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందక రెండు మూడు దిండ్లు అవసరం కావడం; రాత్రి దగ్గుతో, ఊపిరాడక లేచి కూర్చోవడం; పాదాలు, చీలమండలు వాచి సాయంత్రానికి చెప్పులు బిగుతు కావడం; గుండె దడ, కళ్లు తిరగడం; మూడు రోజులలో రెండు కిలోలకు పైగా బరువు పెరగడం. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే ఆలోచించకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

నమాజ్ చేసే స్త్రీకి మరొక సూచన ముందే తెలిసే అవకాశం ఉంది. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతున్నప్పుడు ముందుకు వంగితే కొద్ది క్షణాలలోనే ఊపిరి బిగుసుకుంటుంది. వైద్యులు చెప్పుల పట్టీ పెట్టుకునేటప్పుడు ఆయాసం వస్తోందా అని రోగులను అడిగేది అందుకే. మన సోదరీమణులు రోజుకు ఐదు పూటలు రుకూలోకి, సజ్దాలోకి వంగుతారు. నిన్నటివరకు సుఖంగా చేసిన సజ్దాలో నేడు ఊపిరి అందకపోతే దాన్ని వయసు మీదకో, నీరసం మీదకో తోసివేయకండి. కీమో వల్ల రక్తం తగ్గినా ఆయాసం రావచ్చు. ఏ కారణమో తేల్చవలసినది వైద్యుడే. ఆ అత్తగారి సజ్దా నెల రోజుల ముందే సంగతి చెప్పింది. వినవలసినవారికి ఆ మాట చేరలేదు.

పర్దా, పరీక్ష

ఎకో పరీక్షలో ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి, ఛాతీపై జెల్ రాసి, చిన్న పరికరాన్ని ఆనించి ధ్వని తరంగాలతో గుండెను చూస్తారు. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు, సుమారు అరగంటలో ముగుస్తుంది. రొమ్ము తొలగించిన తరువాత ఆ మచ్చను మరొకరి కంట పడనివ్వడానికి స్త్రీకి కలిగే సంకోచం సహజమైనది, గౌరవించదగినది. దాన్ని చులకన చేయరాదు.

షరీఅత్ ఆదేశం ఇలా ఉంది. స్త్రీ వైద్యురాలు లేదా సాంకేతిక నిపుణురాలు లభిస్తే వారి వద్దే చేయించుకోవాలి. ముందు రోజే ఫోన్ చేసి అడిగితే చాలా ఆసుపత్రులలో ఏర్పాటు చేస్తారు. లభించకపోతే పురుషుని చేత చేయించుకోవచ్చు. అవసరమైనంత భాగం, అవసరమైనంత సేపు మాత్రమే; మిగిలిన శరీరం దుప్పటితో కప్పి, భర్తో కుమారుడో ఇంటి స్త్రీయో తోడుగా ఉండి. అగత్యం నిషేధాన్ని సడలిస్తుందని, ఆ సడలింపు అగత్యమున్నంత మేరకే అని ఫిఖ్‌లో స్థిరపడిన సూత్రం. దైవప్రవక్త (స) కాలంలో రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) వంటి సహాబియాత్ యుద్ధాలలో గాయపడిన పురుషులకు నీరందించి, చికిత్స చేసినట్లు బుఖారీలో ఉంది. సిగ్గు ఈమాన్‌లో భాగమే. కాని మూడవ నెలలో తీయవలసిన పరీక్ష ఆరవ నెల వరకు ఆగిపోయేలా చేసే సంకోచాన్ని షరీఅత్ ఎవరి మీదా మోపలేదు.

రమజాన్, నమాజ్

రోగులు, ప్రయాణికులు ఉపవాసాలను ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చని సూరా బఖరా 184, 185 వచనాలు అనుమతించాయి. అల్లాహ్ మీకు సౌలభ్యం కోరుతున్నాడే గాని ఇబ్బంది కోరడం లేదన్న సంగతి ఉపవాసపు ఆదేశంలోనే అంతర్భాగంగా ఉంది. ఇంజెక్షన్ వల్ల ఉపవాసం భంగం కాదని మన ప్రాంతపు పండితులలో అధికుల అభిప్రాయం. కాని ఇక్కడ ప్రశ్న ఇంజెక్షన్ గురించి కాదు. పంపింగ్ తగ్గి, నీటి మాత్రలు వాడుతున్న శరీరం పగలంతా నీరు లేకుండా ఉంటే రక్తపోటు పడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం, లవణాల సమతౌల్యం తప్పడం సంభవిస్తాయి. నైపుణ్యం గల, నమ్మదగిన వైద్యుడు ఉపవాసం హాని చేస్తుందని చెప్పినప్పుడు వదలడం ఆమెకు అనుమతి మాత్రమే కాదు, బాధ్యత కూడా. ఉపవాసం కోసం రహస్యంగా మందుల పూటలు తప్పించడం, మూత్రానికి వెళ్లవలసి వస్తుందని నీటి మాత్ర మానడం తప్పు.

ప్రయాణంలో ఉపవాసం ఉండి సొమ్మసిల్లిన ఒక వ్యక్తికి జనం నీడ పడుతుండగా చూసి, అటువంటి ఉపవాసం పుణ్యకార్యం కాదని దైవప్రవక్త (స) చెప్పిన ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఆ అత్తగారికి ఊరట కలిగించే మరొక ఉల్లేఖనం కూడా అందులోనే ఉంది: దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంట ఉన్నప్పుడు చేసే ఆరాధనల పుణ్యం అతని పేర రాయబడుతూనే ఉంటుంది. నలభై ఏళ్లుగా ఉపవాసాలు వదలని స్త్రీకి ఈ రమజాన్‌లో పుణ్యం ఆగిపోదు, ఇన్షా అల్లాహ్.

కోలుకునే ఆశ ఉన్నంతవరకు ఫిద్యా చెల్లించి చేతులు దులుపుకోరాదు. ఆరోగ్యం కుదుటపడ్డాక, పగటి వేళ తక్కువగా ఉండే చలికాలంలో, వైద్యుని అనుమతితో ఒక్కొక్కటిగా ఖజా చేసుకోవచ్చు. ఇక ఎన్నటికీ ఉపవాసం ఉండలేని స్థితి అని తేలితేనే ఒక్కొక్క ఉపవాసానికి సదఖతుల్ ఫిత్ర్‌కు సమానమైన ఫిద్యా ఇవ్వాలి. ఆ తరువాత అల్లాహ్ శక్తినిస్తే ఖజా తిరిగి విధి అవుతుంది.

నమాజ్ విషయంలో హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖనం మనకు దారి చూపుతుంది. ఆయనే మొలల వ్యాధితో బాధపడుతూ అడిగారు. నిలబడలేకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు పడుకుని నమాజ్ చేయమని దైవప్రవక్త (స) చెప్పారు. సజ్దాలో ఊపిరి అందనివారు కూర్చుని, తల సైగతో రుకూ, అంతకన్నా కొంచెం ఎక్కువ వంచి సజ్దా చేయవచ్చు. వస్తువులను పైకెత్తి నుదుటికి ఆనించుకోవలసిన పని లేదు.

ఇంటివారు చేయవలసినవి

రోజూ ఉదయం, మూత్రవిసర్జన తరువాత, అల్పాహారానికి ముందు, ఒకే కాటాపై బరువు చూసి కేలండర్‌పై రాయండి. వారానికి రెండు మూడుసార్లు బీపీ రాయండి. ఈ రెండు వరుసలు వైద్యునికి ఎంతో ఉపయోగం.

రోజుకు ఉప్పు మొత్తం ఒక చెంచా, అంటే 5 గ్రాములకు మించకూడదు. పచ్చళ్లు, అప్పడాలు, ఇఫ్తార్ వేళ సమోసాలు, బజార్ హలీం, ఇవన్నీ ఆ చెంచాలోనే లెక్క. రోగికి వేరుగా చప్పిడి కూర వండి పెట్టడం కన్నా ఇంటి వంటలోనే ఉప్పు తగ్గించి అందరూ కలిసి తినడం ఆమె మనసుకు మేలు. సోడియం తక్కువ ఉప్పులలో పొటాషియం ఉంటుంది. ఆ గుండె మందులతో అది ప్రమాదం కావచ్చు గనుక అడగకుండా వాడవద్దు. జర్దా పాన్, గుట్కా, పొగ ఇంట్లో ఎవరికున్నా మానడానికి ఇదే సమయం.

లెట్రోజోల్ వంటి హార్మోన్ మాత్రలతో కీళ్ల నొప్పులు సాధారణం. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కొనుక్కునే అలవాటు ఉంటే ఆపండి. అవి ఒంట్లో నీరు నిలిపి గుండె వైఫల్యాన్ని పెంచుతాయి.

వైద్యుడు అనుమతించిన మేరకు నడక మంచిది. వీధిలో నడవడానికి సంకోచించేవారు మేడ మీదనో వరండాలోనో పది నిమిషాల చొప్పున మొదలుపెట్టవచ్చు.

చికిత్స ముగిసిన తరువాత

చివరి ఇంజెక్షన్‌తో గుండె విషయం ముగియదు. ఏడాదిలోపు మళ్లీ ఎకో అవసరం. రేడియేషన్ ప్రభావం మరింత ఆలస్యంగా బయటపడవచ్చు. స్వీడన్, డెన్మార్క్ మహిళలపై జరిగి 2013లో ప్రచురితమైన పరిశోధన, గుండెకు తగిలిన కిరణాల మోతాదును బట్టి పెరిగే ముప్పు కనీసం 20 ఏళ్ల వరకు కొనసాగుతుందని చూపింది. కనుక ఆ ఫైలును పారవేయకండి. ఎర్ర మందు తీసుకున్న యువతులు తరువాత గర్భం దాల్చితే ప్రసూతి వైద్యురాలికి తప్పక తెలపాలి. హజ్, ఉమ్రా సంకల్పించిన వారు బయలుదేరే ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. తవాఫ్, సయీ తేలిక నడక కాదు.

ఖర్చు గురించి భయపడి పరీక్షలు మానవద్దు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేన్సర్ చికిత్సకు సహాయం ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి పేదల కోసమే ఉంది. మన మహల్లాలలో జకాత్‌కు అర్హురాలైన రోగి ఉంటే, ఆ సొమ్మును ఆమె చేతికే ఇచ్చి పరీక్షలకు తోడ్పడండి. జకాత్ ఆమె సొంతం కావాలన్న షరతూ నెరవేరుతుంది, ఆమె గౌరవమూ నిలుస్తుంది.

ఇక ఇంటి పురుషులకు ఒక మాట. తల్లి, భార్య, సోదరి ఎవరైనా సరే, ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘అల్ హమ్దులిల్లాహ్’ అనే అంటారు. అది వారి కృతజ్ఞత, మీకు నివేదిక కాదు. ‘రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నావు? పాదాలు చూపించు. సజ్దాలో ఊపిరి అందుతోందా?’ అని విడివిడిగా అడగండి. ఆసుపత్రికి వారితో పాటు మీరూ వెళ్లండి. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రోగి శరీరం ఇంటివారందరి చేతిలో ఉన్న అమానతు.

అల్లాహ్ ఆ సోదరి అత్తగారికి, రోగగ్రస్తులైన మన తల్లులూ సోదరీమణులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక. వారి బాధలను పాప ప్రక్షాళనగా మలచుగాక. వారికి సేవ చేస్తున్న చేతులకు శుభం కలిగించుగాక. ఆమీన్.